మాత్రల నోము

ఈ ఉదయం మా మెట్ల మీద ఎవరో దగ్గారు. పాల ప్యాకెట్లు వేసే మనిషో, కింది వాటా వాళ్ళ చుట్టమో తెలియదు. ఎండలు ముదరక ముందు నందిగామలో దగ్గని మనిషిని చూపించడం కష్టం. చుట్టుపక్కల ఊళ్ళన్నిటా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి, హైవే మీద మిరప బస్తాల లారీలు వరసగా పోతుంటాయి, గాలి ఇటు తిరిగిందంటే వీధి వీధంతా ఒక్కసారిగా తుమ్ముతుంది. అయినా ఆ దగ్గు వినగానే నేను చేతిలో పేపరు దించాను. వంటింట్లో మా ఆవిడ గరిటె చప్పుడు ఆగింది. గుమ్మంలోకి వచ్చి కాసేపు చెవి ఒగ్గి, "పొడి దగ్గేలెండి, మిరప ఘాటు," అని తేల్చి లోపలికి వెళ్ళిపోయింది. మేమిద్దరం వైద్యం చదువుకోలేదు. దగ్గుల్లో తేడాలు పట్టే ఈ విద్య మాకు మా మేనత్త వల్ల వచ్చింది.

మేనత్త గురించి చెప్పాలంటే ముందు మేమెవరమో చెప్పాలి. జగ్గయ్యపేటలో ఒకప్పుడు మా ఇంటిపేరు చెబితే రిక్షావాడు మారుమాట లేకుండా తీసుకొచ్చి మా అరుగు ముందు దింపేవాడు. ఇప్పుడు చెబితే స్పెల్లింగ్ అడుగుతున్నారు. మా తాతగారు ఒక గట్టు తగాదాలో కోర్టుకి వెళ్ళి గెలిచారు. గెలవడానికి ఆ గట్టుకి ఇవతల ఉన్న పొలమంతా అమ్మారు. మా నాన్నగారు మిగిలినదాన్ని మర్యాదగా హరించారు. నా వాటాకి ఆ మర్యాద ఒక్కటే వచ్చింది. దాన్ని నేనింతవరకు తాకట్టు పెట్టలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చొక్కా పై గుండీ విప్పి ఆఫీసుకి పోలేదు, రిటైరయ్యాక నందిగామలో ఈ మేడమీది అద్దె వాటాలో ఉంటూ కూడా బనీనుతో వరండాలోకి రాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనివ్వండి. తాతగారి పడక్కుర్చీ ఈ ఇరుకు మెట్ల మీద నుంచి పైకెక్కించడానికి నలుగురు మనుషులు అరపూట తంటాలు పడ్డారు. అది హాల్లో సగం ఆక్రమించుకుని ఉంది. వచ్చినవాళ్ళు దాన్ని చుట్టి రావాలి.

మా మేనత్త ఆ తాతగారి చివరి కూతురు. నేను బడికి పోకముందే మా మావయ్య పోయాడు. పిల్లలు లేరు. ఆవిడ ఒక ఇనపపెట్టెతో పుట్టింటికి వచ్చింది, అప్పటినుంచీ మాతోనే. పొడుగు మనిషి. నెత్తిన నిండుబిందె ఉన్నట్టు నడుస్తుంది. ఇల్లు పోయినా, పొలం పోయినా, ఆవిడ నడక మాత్రం పోలేదు. ఇక ఉపవాసాల సంగతి. ఏకాదశులు సరే సరి, శనివారాలు ఒంటిపూట, కార్తీక సోమవారాలు నక్షత్రం చూసేదాకా మంచినీళ్ళు కూడా లేవు. మా ఇలవేల్పు వేదాద్రి నరసింహస్వామి. ఆయన పేరు మీద మరికొన్ని. అత్తయ్య ఉపవాసం ఉన్న రోజున ఇంట్లో ఎవరం గట్టిగా నమిలేవాళ్ళం కాదు. చుట్టాల్లో ఎవరైనా "మీ అత్తయ్యది ఎంత నిష్ఠండీ" అంటే, అదేదో నేనే ఉపవాసం ఉన్నట్టు కాస్త నిటారుగా కూర్చునేవాణ్ణి.

కొన్నేళ్ళ క్రితం, ఇలాగే మిరపకాయలు ఎండే రోజుల్లో, ఆవిడకి దగ్గు పట్టుకుంది. మిరప ఘాటన్నాం. కళ్ళాలు ఖాళీ అయ్యాయి, దగ్గు పోలేదు. జగ్గయ్యపేట పెళ్ళికి వెళ్ళొచ్చింది కదా, అక్కడి ఫ్యాక్టరీల సిమెంటు దుమ్మన్నాం. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చగా ఉండేది, ఎండదెబ్బన్నాం. జాకెట్లు వదులైపోతుంటే దర్జీని తిట్టాం. ఇంట్లో ముగ్గురం పెద్దవాళ్ళం కూర్చుని ఒక జబ్బుకి ఇన్ని మారుపేర్లు పెట్టామంటే, లోపల ఎక్కడో దాని అసలు పేరు ముగ్గురికీ తెలుసన్నమాట. ఒకరోజు తువ్వాలు అంచున ఎర్రటి చుక్క కనబడింది. అత్తయ్య దాన్ని మడిచి దాచబోతే మా ఆవిడ లాక్కుంది. ఆ మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. కళ్ళె పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా ఇంట్లో అయితే పెద్దల ముందుకి రాకుండా ఇంకా చెప్పుల స్టాండు దగ్గరే నిలబడే వయసు. "టీబీ అండి. కంగారేం లేదు. ఆరు నెలలు విడవకుండా మందులు వేసుకుంటే పూర్తిగా తగ్గిపోద్ది," అంది.

నాకు చివరి మాట వినబడలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. మా ఇంట్లో గుండెజబ్బుతో పోయారు, పాము కరిచి పోయారు, ఒకాయన అయితే గుర్రం మీంచి పడి పోయాడు. అవన్నీ చెప్పుకోదగ్గవే. ఈ జబ్బు మాత్రం ఇంటికి రావడానికి వీల్లేదని నా నమ్మకం. చుట్టాలకి 'నిమ్ము' అని చెప్పాం. చెప్పిన దగ్గర్నుంచీ ఫోన్లు. ఒకరు తమలపాకు వెచ్చచేసి రొమ్ముకి కట్టమన్నారు, ఒకరు పాలల్లో వెల్లుల్లి ఉడికించమన్నారు. రెడ్డిగూడెం నుంచి ఒకావిడ కాకరాకు పసరు సీసాలో పోసి బస్సులో పంపించింది. నిమ్మే అయి ఉంటే ఈపాటికి మూడుసార్లు తగ్గి ఉండేది.

మాత్రలు ఇవ్వడానికి ఆరోగ్య కార్యకర్త ఒకమ్మాయి వచ్చింది. చందర్లపాడు రోడ్డు వైపు సాయిబుల ఇంటి కోడలు, భర్త ఆటో నడుపుతాడు. నవ్వు మొహం, గలగలా మాట్లాడుతుంది. పడక్కుర్చీ చుట్టూ తిరిగొచ్చి, అత్తయ్య మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "రోజూ పొద్దున్నే వస్తా మామ్మగారూ. నా ఎదురుగా మింగేస్తే అయిపోద్ది," అంది.

"నీ ఎదురుగా ఎందుకే?"

"రూలండి."

"మింగుతున్నానో లేదో నా నోట్లోకి తొంగి చూస్తావా? నేనేమన్నా చంటిపిల్లనా?"

"చంటిపిల్లలే నయమండి, ముక్కు మూస్తే మింగేస్తారు."

అత్తయ్యకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "వారానికోసారి రా. ఖాళీ అట్టలు చూపిస్తా. ఈ ఇంట్లో అబద్ధమాడేవాళ్ళు లేరు," అంది. ఆ చివరి మాటకి నేను కూడా తలాడించాను. ఆ అమ్మాయి మా ఇద్దరి వాలకం చూసి, ఇక్కడ వాదించి లాభం లేదనుకుని ఒప్పుకుంది.

మొదటి నెల బాగానే గడిచింది. జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది, దగ్గు పలచబడింది. అత్తయ్య మళ్ళీ మెట్లు దిగి కూరగాయల బండివాడితో బేరమాడింది. మేం కూడా ఊపిరి పీల్చుకున్నాం. అక్కణ్ణించి ఉపవాసాలు పెరిగాయి. ఇదివరకు లేని మంగళవారాలు చేరాయి, తర్వాత గురువారాలు. జబ్బు నయమవుతున్నందుకు మొక్కులు తీర్చుకుంటోందని మా ఆవిడ అనుకుంది. నేను కూడా అదే అనుకుని, లోలోపల గర్వపడ్డాను కూడా. వారం వారం ఆ అమ్మాయి వచ్చేది, ఖాళీ అట్టలు చూసుకుని, "సూపర్ మామ్మగారూ!" అని వెళ్ళిపోయేది. రెండో నెల చివర మళ్ళీ కళ్ళె పరీక్ష చేస్తే జబ్బు ఎక్కడిదక్కడే ఉందన్నారు. డాక్టరమ్మ మొహం మారింది. ఈ మందులకి లొంగని రకమేమో చూడాలని కళ్ళెని పెద్ద పరీక్షకి పంపింది. "లొంగని రకమైతే ట్రీట్‌మెంట్ వేరేగా ఉంటదండి. చాలా కాలం వాడాలి. ఈ వయసులో ఒళ్ళు తట్టుకోవడం కష్టం," అని నాతో విడిగా చెప్పింది. ఇంటికొచ్చి పడక్కుర్చీలో కూర్చున్నాను. అత్తయ్య పోతే, మా తాతగారిని 'నాన్నా' అని పిలిచిన గొంతు ఇక భూమ్మీద ఉండదు.

ఆ ఫలితం కోసం చూస్తున్న రోజుల్లోనే మా ఆవిడ దేవుడి అలమర కడుగుదామని పటాలు దించింది. నరసింహస్వామి పటం వెనక ఇత్తడి గిన్నె నిండా ఎర్రటి మాత్రలు. పైన ఒక మందారపువ్వు కూడా ఉంది.

గిన్నె తీసుకెళ్ళి అత్తయ్య ముందు పెట్టాను. "ఇవేంటి అత్తయ్యా?"

"మాత్రలు."

"ఇక్కడెందుకున్నాయి?"

"ఉపవాసం నాడు మింగరు కదరా అబ్బాయ్. అలాగని పారేస్తామా? ఆయన దగ్గర పెట్టా."

"మరి మాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"అడిగారా? ఆ పిల్ల ఖాళీ అట్టలు చూపించమంది. చూపించా. మాత్రలెక్కడికి పోయాయో అదీ అడగలేదు, మీరూ అడగలేదు."

అబద్ధం ఎక్కడా లేదు. మా వంశంలో కోర్టుకెక్కవలసింది తాతగారు కాదు, ఈవిడ. మా ఆవిడ ఏడుస్తూ కేకలేసింది. నేను పెద్దమనిషి తరహాలో శాస్త్రం ఎత్తుకున్నాను. వేదాద్రిలో మాకు తెలిసిన పురోహితుడికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఔషధం తీసుకుంటే ఉపవాసం చెడదని ఆయన చేతే చెప్పించాను. అత్తయ్య ఓపిగ్గా విని, ఫోన్ పెట్టేశాక, "ఆయన ఏకాదశి నాడు ఉప్మా తింటాడు. ఆయన మాటా ఒక మాటేనా?" అంది.

ఆ రోజంతా నాకు ఆవిడ మీద మహా కోపం. సాయంత్రం మేడమీద పచార్లు చేస్తుంటే ఆ కోపం కాస్త చల్లారి ఒక విషయం తట్టింది. జబ్బు వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ మీద అందరి పెత్తనమే. లేమంటే లేవాలి, గుడ్డ అడ్డంపెట్టుకుని దగ్గమంటే అలాగే దగ్గాలి, పాలు తాగమంటే తాగాలి, మాత్ర మింగమంటే మింగాలి. పెత్తనం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. పొలం మీద పెత్తనం పోయింది, ఇంటి మీద పోయింది, చివరికి ఒంటి మీద కూడా పోయింది. ఉపవాసం ఒక్కటే ఎవరి ఆజ్ఞా లేకుండా తనంతట తాను చేసేది. మాత్ర ఒంట్లోకి దిగేకొద్దీ ఆవిడ ఉపవాసాలు పెంచుకుంటూ పోయిందంటే, అది స్వామి కోసం కాదు. ఇంకా ఇది నా ఒళ్ళే అని మాకందరికీ చెప్పడం కోసం. ఇది అర్థమయ్యాక కోపం పోయింది గానీ దారి మాత్రం దొరకలేదు. ఇంకొకరి ఆజ్ఞ మీద నడవాల్సి వస్తే నేనూ అంతే చేస్తానని నాకు తెలుసు.

పరీక్ష ఫలితం మంచిదే వచ్చింది. జబ్బు ఇంకా ఈ మందులకి లొంగే రకమే. కానీ డాక్టరమ్మ ఈసారి మెత్తగా మాట్లాడలేదు. "ఇలా వేసుకుంటూ మానుకుంటూ ఉంటే లోపలి పురుగు మందుకి అలవాటు పడిపోద్ది మామ్మగారూ. అప్పుడు నేను ఇవ్వడానికి ఏమీ ఉండదు. ప్రాణం మీదికొస్తది," అంది. అత్తయ్య గోడ మీది క్యాలెండరు చూస్తోంది. ఈసారి ఏకాదశి ఎప్పుడా అని చూస్తోందేమోనని నా భయం. డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ, "ఇప్పటిదాకా మింగినవి లెక్కలోకి రావు. మళ్ళీ మొదట్నుంచీ," అంది.

అత్తయ్య తల తిప్పింది. "ఏమన్నావు?"

"మొదట్నుంచీ మొదలుపెట్టాలండి. మధ్యలో తప్పితే అంతే."

"మధ్యలో తప్పితే మొదట్నుంచీ పట్టాలా?"

"అవునండి."

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అత్తయ్య గొంతు ఆ గదంతా వినబడింది. "మందు మందు అంటారే గానీ, ఇది నోమని ఒక్కరైనా చెప్పారా?"

డాక్టరమ్మ నా వంక చూసింది. నేను మా ఆవిడ వంక చూశాను.

తిరిగి వస్తూ ఆటోలో చెప్పింది. పెళ్ళయిన కొత్తల్లో అత్తవారింట పదహారు ఫలాల నోము పట్టిందట. రకానికి ఒకటి చొప్పున పళ్ళు వాయనమిస్తూ పోవాలి, చివర ఉద్యాపన చేసి ముగించాలి. "సగం దాటానమ్మాయ్," అంది మా ఆవిడతో. "ఇంతలో ఆయన పోయారు. నోములు ముత్తైదువలకి గదా, నన్నింక ఎవరు పట్టనిస్తారు? ఉద్యాపన లేకుండా ఉండిపోయింది. ఉపవాసాలకైతే ఎవరూ అడ్డురారు, ఎన్నైనా ఉండమంటారు." రోడ్డు పక్క పత్తిచేలు వెనక్కి పోతున్నాయి. మా ఆవిడ అత్తయ్య చేతి మీద చెయ్యేసి కూర్చుంది. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి కూడా ఆ నోము సంగతి నాకు తెలియదు. ఆవిడ నిష్ఠ చూసి నిటారుగా కూర్చోవడమే తెలుసు.

మర్నాడు పొద్దున్నే తలంటిపోసుకుని మాత్రల నోము మొదలుపెట్టింది. నియమాలన్నీ తానే ఏర్పరచింది. ఈ నోముకి పసుపు కుంకాలు అక్కర్లేదు కాబట్టి ఎవరైనా పట్టవచ్చు. ఈ నోము పట్టినవాళ్ళకి ఉపవాసం నిషిద్ధం. మాత్రలు మింగిన కాసేపటికి కడుపునిండా తినాలి, తినకపోతే దోషం. నోముకి ఒక కథ ఉండాలి కదా, అది కూడా తానే అల్లింది. కథ వినడానికి ఒక మనిషి ఉండాలి, అక్షింతలు పట్టుకుని. ఆ మనిషి ఆరోగ్య కార్యకర్తే కావాలంది. తను రోజూ రావద్దన్న ఆ అమ్మాయికి తానే ఫోన్ చేయించి, "రేపట్నించి రోజూ రా. నువ్వు రాకపోతే నా నోము చెల్లదు," అని చెప్పింది.

ఆ కథ మాకందరికీ నోటికొచ్చేసింది. "అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇల్లాలు. ఆవిడకి దగ్గొచ్చింది. వైద్యుడొచ్చి ఎర్ర మాత్రలిచ్చి, విడవకుండా మింగవే తల్లీ అన్నాడు. ఆ ఇల్లాలు బాగున్న రోజున మరిచింది, బాగోని రోజున విసిగింది, పండగ రోజున పక్కన పెట్టింది. దగ్గేం చేసింది? గాదె చాటున దాక్కుంది. ఇల్లాలు ఏమరుపాటుగా ఉన్నప్పుడు చూసి మళ్ళీ పట్టుకుంది..." అలా సాగి, ఇల్లాలు ముసలిదై కూడా పట్టు విడవకుండా మింగడంతో ముగిసేది. "కథలో మాట జారినా చేతిలో మాత్ర జారకూడదు," అని అక్షింతలు నెత్తిన వేసుకుని గ్లాసెత్తేది. ఆ అమ్మాయి కూడా బుద్ధిగా చెయ్యి చాపి అక్షింతలు పట్టుకునేది. ఒకరోజు, "మామ్మగారూ, నిన్న గాదె చాటున దాక్కుందన్నారు, ఇవాళ తలుపు చాటున అన్నారు," అని పట్టుకుంది.

"నువ్వు వింటున్నావో నిద్రపోతున్నావో చూద్దామని."

"మా అత్తకి కూడా చెప్పానండి ఈ కథ. షుగరు మాత్రలకి పనికొస్తదా అని అడుగుతోంది."

"రమ్మను. అందులో ఇల్లాలు మిఠాయిలు తింటుంది. కథ కాస్త మార్చాలి."

అన్ని రోజులూ నవ్వుతూ గడవలేదు. మాత్ర చూస్తేనే కడుపులో తిప్పే రోజులున్నాయి. వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చున్న పొద్దుటి పూటలున్నాయి. అన్నిటికంటే గట్టి రోజు మొదటి ఏకాదశి. కథ చెప్పడం అయిపోయింది, మాత్రలు అరచేతిలో ఉన్నాయి, చెయ్యి మాత్రం లేవడం లేదు. ఇన్నేళ్ళలో ఏకాదశి నాడు ఆవిడ నోట్లోకి చుక్క నీళ్ళు పోలేదు. మా ఆవిడ తలుపు పట్టుకుని నిలబడింది. నేను పేపరు తలకిందులుగా పట్టుకుని ఉన్నానని తర్వాత తెలిసింది. ఎవరం మింగమనలేదు. అనకూడదని ముగ్గురికీ తెలుసు. అత్తయ్య కళ్ళు మూసుకుని కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. పండగ రోజున పక్కన పెట్టిన చోటికి వచ్చేసరికి ఆగి, గ్లాసెత్తి, మింగేసింది. తర్వాత నియమం ప్రకారం నాలుగు ఇడ్లీలు తిన్నది. "ఏకాదశి నాడు ఇడ్లీ ఇంత రుచిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదేమే," అని మా ఆవిడని అడిగింది.

నెలలు గడిచాయి. కళ్ళె పరీక్షల్లో ఏమీ లేదన్నారు. చివరి ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "ఇక మందులు ఆపేయొచ్చు మామ్మగారూ," అంటే, అత్తయ్య, "ఆపడమేంటి, ఉద్యాపన చెయ్యాలి," అంది.

జగ్గయ్యపేట నుంచి చుట్టాలందరినీ పిలిచాం. నిమ్ము తగ్గినందుకు అని నేను పిలుపులో చెప్పాను. హాలు నిండిపోయింది. పడక్కుర్చీలో అత్తయ్యని కూర్చోబెట్టాం. అందరి చేతుల్లోనూ అక్షింతలు పెట్టించి ఆవిడ కథ మొదలుపెట్టింది. "అనగనగా నందిగామలో ఒక ఇల్లాలు. జగ్గయ్యపేట ఆడపడుచు. ఆవిడకి టీబీ వచ్చింది."

నా వెన్ను కర్రలా బిగుసుకుంది. మా పిన్ని వరసావిడ ఒకామె పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అత్తయ్య కథ ఆపింది. "ఇప్పుడెందుకే ముక్కు మూసుకోవడం? అది నన్నొదిలి పోయింది. నీ ఇంట్లో ఎవరికన్నా ఉంటే చెప్పు, కథ నేర్పుతా." ఎవరో కిసుక్కుమన్నారు. చెంగు దిగింది. కథ జబ్బు పేరుతో సహా చివరిదాకా సాగింది. భోజనాలయ్యాక ఆ పిన్నిగారే వంటింట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, తన అల్లుడికి సంక్రాంతి ముందు నుంచీ దగ్గు తగ్గడం లేదని, ఆ అమ్మాయి ఫోన్ నంబరు ఉందా అని మా ఆవిణ్ణి అడిగింది. అప్పుడు నా వెన్ను కాస్త సడలింది. ఇన్నాళ్ళు నేను కాపాడింది మర్యాద అనుకున్నాను. ఆ రోజు కూడా నిమ్మనే చెప్పుకుని ఉంటే ఆ మర్యాద ఈ అల్లుడికి ఎందుకూ పనికొచ్చేది కాదని ఆ వంటింటి గుమ్మంలో నిలబడి ఒప్పుకున్నాను.

వాయనం ఆ అమ్మాయికే. చేటలో పెసలు, బెల్లం, జాకెట్టు గుడ్డ, పళ్ళు. "పుచ్చుకోవచ్చా మామ్మగారూ నేను?" అని ఆ అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించింది. "ఈ నోముకి నియమాలు నావి," అంది అత్తయ్య. చెంగు కప్పి చేట చేతికిచ్చింది. ఇస్తున్నప్పుడు ఆవిడ చేతులు ముసలి చేతుల్లా లేవు. ఇరవై దాటకముందే ఆగిపోయిన పనిని డెబ్బై దాటాక అవి ముగించాయి. గడిచిన కాలం గడిచిపోయిందనే ఇన్నాళ్ళూ నమ్మాను. అందులో కొంత ఎక్కడికీ పోదు, మనం పని పూర్తిచేసి వచ్చేదాకా మన గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది.